సున్న తప్పు

పొద్దున ఎనిమిదింటికి లాబ్ తాళం తీసిన.
ప్రాణహిత మీదికెళ్ళి వచ్చే గాలికి
కిటికీ రెక్క ఒకటి ఊకె కొట్టుకుంటది.
ముందుగాల దాన్ని సుతిలితో కట్టిన.
ఇయ్యాల లోలకాలున్నయి.

గడ్చిరోలి నుంచి బయటి సారు పదింటికి వస్తడు.
నేను మార్కులేసేటోణ్ణి కాదు,
డబ్బలు తెరిచేటోణ్ణి, కుర్చీ తుడిచేటోణ్ణి,
ఇరవై రెండేండ్లు ఈ సిరొంచ కాలేజిల
పిల్లల ఎనక నిలబడి
వాళ్ళ చేతులు చూసినోణ్ణి.
పరీక్ష నడుస్తుంటే నోరు మెదపొద్దని రూలు.
అందుకే ఇప్పుడే చెప్తున్న, వరండాల.
జర ఇనుండ్రి.

మూడో నంబరు కాలిపర్
మూతి మూసినా రెండు గీతలు ఎక్కువ చూపిస్తది.
పుట్టుకతోనే అంతే, దాన్ని తిట్టకుండ్రి.
ఏమీ పట్టుకోకముందు అది ఎంత అబద్ధమాడుతదో
రాసుకోండ్రి, ఆఖర్న తీసేయండ్రి.
మా బావ ఏ ముచ్చట చెప్పినా
మా అక్క రెండు గీతలు తీసేసే ఇంటది.

మీటరు సూది చూసేటప్పుడు పక్కకు వంగొద్దు.
కింద అద్దం ముఖం చూసుకోను పెట్టలే.
అద్దంల సూది అసలు సూది ఎనక దాక్కున్నప్పుడు
కనబడ్డదే అంకె.

తీగె మీద జాకీని ఈడ్వకు,
ఎత్తి పెట్టు, ఎత్తి పెట్టు,
పెనం కాగిందా అని వేలితో చూసినట్టు.
రాసుకునేటప్పుడు ప్లగ్గు తీసి పెట్టు.
తీగె వేడెక్కిందా,
ఇందాకటి అంకె మళ్ళ దొరకదు.

గ్రాఫు మీద చుక్కల్ని పూసలు గుచ్చినట్టు గుచ్చకు.
నడిమి నుంచి ఒక్కటే గీత.
కొన్ని చుక్కలు బయటుంటయి,
ఉండనియ్యి.

ఇగ లోలకం.
మరాఠీల లంబక్, జర్నల్ల ఇంగ్లీషు పేరు,
మన ఇండ్లల్ల దానికి పేరే లేదు.
గుండును కొంచెమే లాగి ఇడిచిపెట్టు, తొయ్యకు.
ఫ్యాను బంద్ చేయమని అడుగు, సిగ్గుపడకు.
తప్పంతా లెక్కకాడ వస్తది.

మన కల్లాల్ల మొదటి కుంచం పడంగనే
ఒకటి అనరు. లాభం అంటరు.
లాభం, రెండు, మూడు...
మా నాయన అట్లనే కొలిచిండు, మీ తాతా అట్లనే.
ఇక్కడ గుండు నడిమి గీత దాటంగనే
స్టాప్‌వాచ్ నొక్కి సున్న అనాలె.
సున్న. ఒకటి. రెండు.
లాభంతోటి మొదలుపెట్టినోనికి
ఇరవై ఊపులనుకున్నయి పందొమ్మిదే,
లెక్కల భూమి గుంజుడు పది దాటిపోతది.
సిరొంచల భూమి
అంత గట్టిగ గుంజదు బిడ్డా.

*

పన్నెండున్నరకు బల్లల నడుమ తిరిగిన, నీళ్ళ గ్లాసుతోటి.
అందరి కాయితాల మీదా తొమ్మిది పాయింట్ ఎనిమిది.
కొందరియి ఊపులు లెక్కపెట్టకముందే ఎనిమిది.
అంకీస నుంచి వచ్చే పిల్ల, జాడి సునైన,
దాని కాయితం మీద మాత్రం తొమ్మిది పాయింట్ ఆరు.

రబ్బరు చేతిల పట్టుకుంది.
నా దిక్కు చూసింది.
నేను కిటికీ దిక్కు చూసిన,
సుతిలి గట్టిగనే ఉన్నది.

అర మీటరు దారం. ముడి దాకనే కొలిచింది.
గుండుల సగం మరిచింది, నాకు తెలుసు.
నోట్ల నాలుకను పండ్లతోటి పట్టుకున్న.

వంగి గుండును చూసింది శానాసేపు,
అడుగున పడ్డ రూపాయిని చూసినట్టు.
అప్పటికి గంట కొట్టిండ్రు.
ఆరును ఆరులెక్కనే ఉంచి
కింద ఒక లైను రాసింది:
గుండు నడుమ దాక కొలవలేదు, అందుకే తక్కువ వచ్చింది.

సారు మరాఠీల ఏదో అడిగిండు.
మరాఠీలనే చెప్పింది,
ఆఖర్న ఒక తెలుగు మాట జారింది.
ఆయన నవ్విండా, మూతి ముడిచిండా,
నేను నిలబడ్డ దిక్కు నుంచి కనబడలే.
పక్కకు వంగి చూస్తే తప్పు చూస్త.

నా పరీక్షల నాకూ తక్కువే వచ్చింది.
రబ్బరుతోటి తుడిచి ఎనిమిది పెట్టిన.
కాయితం అక్కడ పలుచబడి
ఎలుతురుకు పడితే అవతలి దిక్కు కనబడేది.

సారు జీపు పోయింది. మార్కులు కవర్ల పోయినయి.
గుండ్లు తుడిచి డబ్బల పెడుతున్న,
ఒక్కటీ పోలేదు గదా అని లెక్కపెట్టుకుంట:
లాభం,
రెండు,
మూడు.