ఒక వేలు నీళ్ళు

గురువారం సంత ముగిసే వేళ
విల్బెర్ తికోనా నా షెడ్డు ముందు కారాపాడు.
ఇకికే రేవులో దిగి, కుడిపక్క స్టీరింగు ఎడమకు మార్పించుకున్న
పాత కొరొల్లా. డాష్‌బోర్డు మీద ఆ కుట్లు ఇంకా మానలేదు.
ఒళ్ళో పసిబిడ్డలా ఒక అట్టపెట్టె,
పెట్టెలో ఎర్రటి శంకు ఫిల్టరు, అద్దంలా మెరిసే గొట్టం.

"ఆరువందల యాభై బొలీవియానోలు. నచ్చకపోతే
ఆదివారం తిరిగి తీసుకుంటానన్నాడు.
పన్నెండు గుర్రాలు పెరుగుతాయట, డోన్యా బసీలియా!"

గుర్రాలట.
ఎల్ ఆల్తో ఎత్తుకి ఎక్కొచ్చిన గుర్రం
ముందు తలనొప్పి మాత్ర అడుగుతుంది.
నేనిక్కడే పుట్టాను, నా నెత్తురు ఈ పలచగాలికి చిక్కబడింది.
కారు పుట్టింది సముద్రం పక్కన.
దానికి కోకా ఆకు నమలడం ఎవరు నేర్పారు?

గాలి మాటలు నేను నమ్మను, గాలిని కొలుస్తాను.
చెక్క మీద సన్న గొట్టాన్ని వంచి మేకులు కొట్టి
పొద్దున మిగిలిన ఊదారంగు ఆపీ
రెండు చుక్కలు కలిపి నీళ్ళు పోశాను.
ఒక కొస ఫిల్టరు వెనక, ఒక కొస ఆకాశానికి.
చెక్క నా మోకాళ్ళ మీద. లా పాస్ నుంచి పైకెక్కే దారి.
"కాలు నేలకంటించు" అన్నాను.

వాడి పాత కాగితం ఫిల్టరుకి
జానెడు లేచాయి నీళ్ళు.
విప్పి దులిపితే ఒరూరో దారి మన్నంతా రాలింది,
ఒక ఈగ, ఎవరిదో బస్సు టిక్కెట్టు ముక్క.
నలభై అయిదు పెట్టి కొత్త కాగితం వేసి మళ్ళీ ఎక్కాం:
రెండు వేళ్ళు.
ఎర్రటి శంకు తగిలించి మూడోసారి:
ఒక వేలు.

"చూశావా, తగ్గింది!" అన్నాడు, కళ్ళు వెలిగిపోతూ.
తగ్గింది నాయనా, కాదనను.
కానీ ఇక్కడి ఆకాశం సముద్రపు ఆకాశం కంటే
రెండు నిలువుల నీళ్ళు తక్కువ తూగుతుంది.
రెండు నిలువులు పోయిన చోట
ఒక వేలు తిరిగి కొనడానికి ఆరువందల యాభై.
పైగా ఆ శంకు కూర్చునేది ఇంజను పక్కనే,
ఆగినచోటల్లా దాని వేడి ఊపిరినే అది మళ్ళీ పీలుస్తుంది.
ముందు టైర్లు చూసుకున్నావా?
నున్నగా మా మామ గుండులా ఉన్నాయి.

విల్బెర్ చాలాసేపు మాట్లాడలేదు.
పైన తీగ మీద ఎర్రపెట్టెల్లో జనం ఊగుతూ పోతున్నారు.
తర్వాత నేల చూస్తూ అన్నాడు:
"మా వీధి రెనాన్ కారు పైకెక్కితే పులి గుర్రుమంటుంది.
నాది తుమ్ముతుంది."

దానికి నా చెక్క మీద గీత లేదు.

కొత్త కాగితం ఉంచుకున్నాడు.
చీలిన రబ్బరు గొట్టానికి నేను పట్టీ బిగించాను,
అరువు పుస్తకంలో టైర్లు రాసుకున్నాను.
ఆదివారం దాకా పెట్టె నా దగ్గరే వదిలి పోయాడు.
కొండ ఎక్కుతూ తుమ్మింది కొరొల్లా, పాపం.

శనివారం రాత్రి, షట్టరు సగం దించి
నా నిస్సానుకి ఆ శంకు తగిలించాను.
ఎందుకని అడగొద్దు. యాభై రెండేళ్ళ మనిషిని.
ఖాళీ దారిలో ఒక్కసారి కాలు నొక్కాను.
బండి ముందుకేమీ దూకలేదు, నేను ముందే చెప్పినట్టే.
కానీ బానెట్టు కింద ఏదో పెద్ద జంతువు
గుండెనిండా గాలి తీసుకున్న చప్పుడు.
చలికి బిగుసుకున్న ఇయిమానీ కొండ కూడా
ఒక కన్ను తెరిచిందనిపించింది.
మళ్ళీ నొక్కాను.
ఇంకోసారి.

పొద్దున్నే శంకు తుడిచి పెట్టెలో పెట్టాను.
ఒక్క మడతలో మాత్రం దుమ్ము పోలేదు.
సంతవాడు నిలదీస్తే
కొలిచి చూశామని చెబుతాను.