నాలుగో చెరువు గట్టు మీద

పట్టుబడిలో నలభై కౌంటు తేలిందని
భూపతిగారు తన పాత ఐఫోను నా చేతిలో పెట్టారు.
"చార్జరెక్కడో పడింది, చూసి పంపుతాన్లే నూకరాజూ."
వెనకాల కొరికిన యాపిలు.
ఏసుపాదం వేలితో తడిమి
"ఎంగిలిదే ఇచ్చార్రా" అన్నాడు.

నా ఆండ్రాయిడు జేబులోనే ఉంది.
మేత పొడి స్పీకర్లో దూరి
వీరవేణి గొంతుకి ఎప్పుడూ జలుబే.
అది ఎవర్నీ ఆపదు.
ఉప్పుటేటి తూము ఎత్తేసినట్టు
పాటలూ పేకాటలూ లోపలికొస్తాయి,
వాటెంట నాచు, జలగలు,
అప్పిస్తామని పిలిచి అర్ధరాత్రి తిట్టేవాళ్లు.

కొత్తది చుట్టూ పీతల వల కట్టిన చెరువు.
పైన కొంగలు దిగకుండా తాళ్లు,
గట్టెక్కాలంటే బ్లీచింగు నీళ్లలో కాళ్లు ముంచాలి.
ఎత్తినప్పుడల్లా నా మొహం నిదానంగా చూసి
నేనేనని తేల్చుకున్నాకే తెరుచుకుంటుంది.
పెళ్లిచూపుల్లో వీరవేణి కూడా అంత పరీక్షగా చూళ్లేదు.
హాయిగానే ఉంది.
అలాంటి చెరువు కాసేవాణ్ణే కదా,
లోపలి రొయ్యకెంత సుఖమో నాకు తెలీదా?
అది ఎవరి లెక్కకి పెరుగుతుందో కూడా
తెలుసు.

రెండో రాత్రి కరెంటు పోయింది.
ఏరియేటర్లు ఆగితే వచ్చే నిశ్శబ్దం
గట్టు మీద పడుకున్నవాడికే తెలుస్తుంది.
నిద్రలోంచి జుట్టు పట్టి లేపుతుంది.
జనరేటరుకి డీజిలు లేదు.
మొగల్తూరు ఫోను చెయ్యాలి, సిమ్ము కొత్తదాంట్లో,
కొత్తదాంట్లో చార్జింగు లేదు.
ఏసుపాదం వైరు పట్టలేదు.
అవతలి చెరువు గుమస్తాదీ పట్టలేదు.
ఇటు కాలవ దాకా, అటు సముద్రం దాకా
ఆ పిన్ను ఉన్న మనిషి ఒక్కడే.
ఆయన భీమవరంలో ఏసీ వేసుకుని పడుకున్నాడు.

ఏసుపాదం ఫోన్నుంచి చేసి డీజిలు తెప్పించేసరికి
మూలన రొయ్యలు తేలుతున్నాయి, తట్టెడు.

పొద్దున్నే పిన్నీసుతో సిమ్ము పీకి
పాతదాంట్లో వేశాను. జలగలతో సహా.
ఇదే గొప్పదని కాదండి,
అడిగితే వైరిచ్చేవాళ్లున్నారు.

ఐఫోను షెడ్డులో మేకుకి వేలాడుతోంది.
నల్లటి అద్దం, ఏసుపాదం అందులో క్రాపు దువ్వుకుంటాడు.
మొదటిరోజు తెల్లారగట్ట తీసిన ఫోటో
ఒకటి లోపల ఉండిపోయింది.
నీళ్లలోంచి ఎగిరిన రొయ్య, మీసాలతో సహా,
ఇంకా కింద పడలేదు.