ఎడం

రేడియోలో నాకున్న భాషంతా పది మాటలు.
లోపల. బయట. పక్కనే. ఇంకా పక్కనే.
తలుపు దగ్గర. బంపర్ దగ్గర.
ఖాళీ.
ఈ చివరి మాటకే నాకు జీతం.

బ్రష్ క్రీక్ స్పీడ్‌వే, గ్యాలరీ నెత్తిన,
రేకుల కప్పు మీద ముప్ఫై ఎనిమిది మందిమి
ఎవరి డ్రైవర్ చెవిలో వాళ్లం.
నా పక్కన డోయల్ సిగ్మన్,
బుగ్గన పొగాకు, చేతిలో ఉమ్మడానికి కాగితం కప్పు.
కింద అతని కారూ మా కారూ తలుపులు రాసుకుంటుంటే
పైన మా మోచేతులు రాసుకుంటాయి.
పన్నెండేళ్లుగా ఇంతే.
ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకున్నది లేదు.

నాలుగొందల మైళ్లు. అన్నీ ఎడమకే.
గానుగెద్దుకైనా గంతలు కడతారు,
ఎంత నడిచినా ఎక్కడికీ పోలేదని తెలియకుండా.
టాన్సీ రూడిసిల్‌కి గంతల్లేవు,
మెడ తిరగనివ్వని పట్టీలున్నాయి.
ఇరవై మూడేళ్ల పిల్ల.
వాళ్ల నాన్న గేర్‌బాక్సుల షెడ్డులో
టైరులో దుప్పటి పరిచి పడుకోబెడితే
ఇంజన్ ఆగినప్పుడే ఏడ్చేదట.

ఆమె పని ఎడమ.
నా పని ఎడం.
రెండు రేకుల నడుమ ఎంత ఉందో చెప్పడం:
రంగు మందమా, పిడికెడా,
లేక ఒకరి మిగతా బతుకంతానా.

నేనూ నడిపాను ఒకప్పుడు.
పైనుంచి చూసింది మా తమ్ముడు లోయ్.
ఆ ఆదివారం వాడు ఖాళీ అన్నాడు,
సగం సెకను ముందు.
నా మోకాల్లో ఇప్పుడు వానను ముందే పసిగట్టే ఇనుముంది.
వాడేమో ఆ మాటే మానేశాడు.
కాఫీ కప్పు బోర్లించి చూపిస్తాడు తప్ప
ఖాళీ అనడు.

ఇంకా ఎనిమిది ల్యాపులు.
మూడో మలుపులో ఎవరో ఎవరినో తాకారు.
పొగ.
తెల్లగా, గోడ నుంచి గడ్డి దాకా.
గంటకి నూట ఎనభై మైళ్ల మీద టాన్సీ అటే వస్తోంది.
"పైనా? కిందా?"
అంత మామూలుగా అడిగింది,
ఉప్పు సరిపోయిందా అన్నట్టు.

నాకేం కనబడలేదు.
పొగ కనబడింది.
నోరు తెరిచాను, లోపల మాట లేదు.
లోయ్‌కి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో
అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం.

పక్కన డోయల్ అరిచాడు, తన మైకులో:
"జారుతున్నావ్ వేలన్, కిందికే జారుతున్నావ్,
బ్రేకు వదలకు, కిందికే, కిందికే."
ఒకసారి అంటే చాలు.
మూడుసార్లు అన్నాడు.
వేలన్‌కి తెలియదా తనెటు జారుతున్నాడో?

"పైన" అన్నాను.
పొగలోకి వెళ్లింది.
నా గుండె కొట్టుకున్నదో లేదో లెక్కపెట్టలేదు.
ఇవతలికి వచ్చింది,
కుడి వైపు గోడ సున్నం పూసుకుని.
"ఖాళీ" అన్నాను.
"అవునా" అంది, నవ్వుతూ.

పదకొండో స్థానం.
ఫొటోలో ఉండం, డబ్బుంటుంది కొంచెం.
గడ్డిలో చితికిన కారు కిటికీ వల కిందికి దిగింది:
వేలన్ బతికే ఉన్నాడు.
డోయల్ హెడ్‌ఫోన్ తీసి, తీగ చుట్టి,
కప్పు పట్టుకుని మెట్లు దిగిపోయాడు.
థ్యాంక్స్ అనబోయాను.
మా పది మాటల్లో అది లేదు.

"ఆ పొగలో ఎలా చూశావు హార్లన్?" అంది టాన్సీ,
నీళ్లు తల మీద గుమ్మరించుకుంటూ.
చూశాను, అన్నాను.

చీకటి పడ్డాక ట్రాక్ ఊడ్చేవాళ్లు దిగారు.
టైర్లు రాల్చిన రబ్బరు గోళీలు, బస్తాలకి బస్తాలు.
పార్కింగులో మైలు పొడుగు వరస,
అందరికీ ఒక్కటే దారి, అదీ కుడికి.
నలిగిన నీలం ట్రక్కు ఒకటి నా ముందు ఆగింది.
అద్దం దించి ఉమ్మాడు.
నా వైపు చూడలేదు.
కదలనూ లేదు,
నా బండి దూరేంత ఎడం వదిలి.