పదకొండా, పదమూడా

కాసిమేడు వార్ఫు మీద ఇంకా తెల్లారలేదు.
ఐసు మిల్లు గొట్టంలోంచి ముక్కలు దొర్లే చప్పుడు.
దాని కింద, గోనెపట్టా మీద మోకాళ్లూని
నలభై గుర్రాల ఇంజను తోకకి నట్టు విప్పుతున్నాను.

పాత ఫ్యాను రెక్కలో ఒకటి రాయిని తాకింది,
వాటం చూస్తేనే తెలుస్తోంది.
పక్కదాని అంచు మాత్రం
ఏదీ తాకకుండానే పుచ్చిపోయింది.
ఒట్టి నీళ్లే, బుడగలు బుడగలుగా పగిలి, కొరికేశాయి.

కొత్తవి రెండు ముందు పెట్టాను.
ఒకటి పదకొండు పిచ్, ఒకటి పదమూడు.
"ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో
ఆ లెక్కే పిచ్, మామా."
పామంజి కోదండం బీడీని చెవి వెనక్కి దోపి
"నా పిచ్చి లెక్క మీ అత్త దగ్గరుంది,
నువ్వు ఇంజను సంగతి చూడు" అన్నాడు.

పదమూడు బిగించి అలల గోడ దాటి పోయాం.
ఖాళీ బోటు. లివరు చివరిదాకా తోస్తే
ముల్లు యాభై మూడు వందల దగ్గర బుద్ధిగా నిలబడింది.
"ఇదే మామా. రోజుకి రెండు లీటర్లు మిగులు.
పాట మొదలయ్యే లోపు గట్టు మీదుంటావు."
ఆయన తల అడ్డంగా ఊపాడు.
"ఇసక మూటలు వెయ్యి."
"ఎన్ని?"
"సరుకెంత వస్తుందో అన్ని. పన్నెండు."

పన్నెండు!
ఆయన బోటు దించే బుట్టల్ని
రోజూ షెడ్డులోంచి చూస్తూనే ఉంటాను.
రెండు. ఒక్కోరోజు ఒకటి, అదీ
పిల్లులు వాసన చూసి వదిలేసే సన్నకారలు.
నోరు తెరవలేదు. మూటలు మోశాను.

బరువుకి పదమూడు మూలిగింది,
నలభై రెండు వందలు దాటలేక
ముక్కు ఆకాశానికెత్తి నీళ్లని దున్నింది.
పదకొండు వేశాను.
అదే బరువుని చంకనెత్తుకుని
యాభై ఒక్క వందల మీద పరిగెత్తింది.
మూటలు దించితే మళ్లీ అదే పదకొండు
ఆరు వేలు దాటి గొంతు చించుకుంది.

ఫ్యాను కొనడమంటే
రేపు సముద్రం ఎంత ఇస్తుందో
ఈ రోజే ఒప్పేసుకోవడం అని
ఇన్నేళ్లు నట్లు తిప్పుతూ నాకే తట్టలేదు.
పదమూడు బిగిస్తే, ఖాళీగా వస్తానని
ఆయన చేత వేలిముద్ర వేయించినట్టు.
"పోయేటప్పుడు ఎవడైనా ఖాళీయే కదరా," అంటున్నాడు,
"వచ్చేటప్పటి మాట చూడు."

ఆయన టీకి పోయాడు.
పెట్టె అడుగున పన్నెండు పిచ్‌ది ఒకటుంది,
వాడిపడేసింది, విరిగిన రెక్కని నేనే అతికి
తూకం కుదిరేదాకా ఆకురాయితో అరగదీసింది.
అది తొడిగాను. ఇంజనుని ఒక్క బెజ్జం పైకెత్తాను.
ఇంకోటి ఎత్తితే మలుపులో గాలి మింగి కేకలు పెడుతుంది,
కిందికి దించితే సముద్రాన్నే మోస్తూ కూచుంటుంది.

కోదండం వచ్చి తాడు లాగాడు.
ఎడమ చెవిని ఎప్పుడో ఇంజన్లకిచ్చేసిన మనిషి,
వెనక పలక మీద అరచెయ్యి ఆనించి వింటాడు.
చాలాసేపు చెయ్యి తియ్యలేదు.
"పదకొండేనా?"
"పదకొండే."
"ఊఁ."

తుండు కొంగు విప్పి నోట్లు లెక్కపెట్టాడు.
కొత్తదాని ధర కాదు.
అతికినదాని ధర, పది రూపాయలు అటూ ఇటూ లేకుండా.
నా మొహం చూడలేదు. చుక్కాని పట్టుకున్నాడు.

బోటు గోడ మలుపు తిరిగాక
ఇసక మూటల్ని షెడ్డులోకి మోసుకుంటూ లెక్కపెట్టాను.
పదకొండే ఉన్నాయి.