కారణం: స్ప్రింగు

నాగపూర్ నుంచి కొత్తగ వచ్చిన సారు
టేబుల్ మీద దాన్ని పెట్టి
పెండ్లికొడుకును చూపెట్టినట్టు చెప్తడు:
ఇసుకల పాతిపెట్టి తీసినా పేలుతదట,
బురదల ముంచినా, లారీ కింద పడ్డా,
మంచుల గడ్డకట్టినా.

మంచు సంగతి నాకు తెల్వదు సార్.
సిరొంచల ఉన్నోన్ని,
ప్రాణహిత ఇసుక మాత్రం తెలుసు.
చొక్కా జేబుల్లకు, అన్నం గిన్నెలకు,
మూసిన పెట్టెల, పెట్టెల మడతపెట్టిన గుడ్డలకు
అడగకుండనే వస్తది.

పందొమ్మిదేండ్లాయె,
ఈ ఠాణా ఆయుధాల గది తాళంచెవి
నా మొలతాడుకే ఉన్నది.
చీకటి పడ్డంక గేడాంది, కుడ్మెతేది, అందరివీ
నా ముందటికొస్తయి.
ఒక్కొక్కదాన్ని విప్పి
పాత ధోతి పేలిక నూనెల అద్ది
గొట్టంల దూర్చి గుంజుత.
"ఎన్నడూ ఆగదు" అంటరు గదా,
ఆ ఎన్నడూ నా గోర్ల సందుల ఉన్నది.
పేరు దానిది, మసి నాది.

అట్లని చెడ్డదని కాదు.
మంచిదే. ముక్కలు తక్కువ, అలకలు తక్కువ.
పాత రివాల్వర్లు అత్తల్లెక్క సాధించేటియి,
ఇది సాధించదు.
లెక్క చెప్పుమంటే చెప్త:
నలభై పిస్తోళ్లు, పదకొండేండ్లు,
మూడుసార్లు ఆగినయి.
ఒకటి, తూటా నానింది.
ఒకటి, ఎవడో తలకు పెట్టినట్టు కొబ్బరినూనె పోసిండు.
మూడోది ముప్పై ఒకటో నంబరు.

ఆ దినం వాన ఇప్పుడే ఆగింది.
ఏటపల్లి దిక్కు మాడియా పిలగాడు, లాల్సు నరోటే,
రేంజిల నిలబడ్డడు.
మూడు పేలినయి.
నాలుగోది పేలి, ఖాళీ గొట్టం బయటపడక
స్లయిడు సందుల నిటారుగ ఇరుక్కున్నది,
ఇటుకబట్టీ పొగగొట్టం లెక్క.
వెనకాల పెద్దసారు కుర్చీల కూసొని చూస్తున్నడు.
నేను పోయి చేతిలకెల్లి తీసుకున్న.
పిస్తోలు కన్న చెయ్యే ఎక్కువ కాలుతున్నది.

దానికి ఒక్కటే షరతు.
వెనక్కి తన్నేటప్పుడు
ఎదురుంగ గట్టి మణికట్టుండాలె.
మెత్తగ పట్టుకుంటే సగంల ఆగుతది.
మలేరియా మణికట్టు సంగతి
కంపెనీ పుస్తకంల ఎక్కడా లేదు, నేను వెతికిన.
జ్వరమంటే డ్యూటీ తీసేస్తరని,
తీసేస్తే అడవి భత్యం పోతదని
వాడు చెప్పలేదు.
వానికి తెలుగు రాదు, నాకు మాడియా రాదు,
మరాఠీ ఇద్దరికీ వంకరే.
నా దిక్కు చూసిండు, అంతే.

రిజిస్టర్ల మూడు గడులుంటయి:
ఆయుధం. తూటా. మనిషి.
ఏదో ఒకదాంట్ల టిక్కు పడాలె.
ఆయుధం కింద పెట్టిన.
కారణం: స్ప్రింగు అలిసిపోయినది, మార్చడమైనది.
ఏ స్ప్రింగూ మార్చలె.

అప్పటిసంది ముప్పై ఒకటిని ఎవ్వరూ ముట్టరు.
కొత్తగ వచ్చిన కానిస్టేబుల్ గూడ
నంబరు చూసి పక్కదాన్ని తీసుకుంటడు.
వానికి ఎవరు చెప్పిన్రో.
ఏడాదికోసారి నేనే రేంజికి పట్టుకపోయి
యాభై తూటాలు కొడుత,
ఒక్కటి ఆగదు.
ఆగితే బాగుండునని
ఒకసారి అనిపించింది గూడ,
నా రాత నిజమైతది గదా అని.

"ఏమంటవ్ సమ్మక్కపేట మామా,
దీన్ని నమ్మొచ్చా?" అంటడు సారు.
నమ్మొచ్చు సార్, అన్న.
రిజిస్టరు సంగతి ఆయన అడుగలె,
నేను చెప్పలె.

లాల్సు ఇప్పుడు వైర్‌లెస్ గదిల ఉంటడు.
ఆగస్టు వచ్చిందంటే చాయ్ గ్లాసు
రెండు చేతుల పట్టుకుంటడు.
ఒక్కోసారి నాకో బీడీ ఇచ్చి పోతడు,
ఎందుకో ఇద్దరం అనుకోం.

రాత్రి తాళం వేసే ముందు
ముప్పై ఒకటిని అన్నిటి కడపట విప్పుత.
ఎవ్వరూ వాడనిదాంట్ల మసి ఏడుంటది.
ఇసుక ఉంటది.