మిరుగం దాకా

రోహిణి కార్తె. మన్ననూరు దాటినంక
వాగుల రాళ్ళే. దోమ ఊసే లేదు.

"జరమే లేదు సారూ, సూదెందుకు?"
బయ్యన్న నవ్వుకుంటనే
ఇప్పకాయ మరకల వేలు చాపిండు.
గాజుపలక మీద ఒక్క చుక్క.

రాత్రి దవాఖానల, మైక్రోస్కోపు కింద
పలకను జరుపుకుంట పోయిన:
ఖాళీ, ఖాళీ, కండ్లు మంటలు, ఖాళీ.
ఆఖరికి ఒక ఉంగరం.
ఒక్కటే.

వాన్ని వణికించదు, కాల్చదు.
పంట చేతికొచ్చేదాకా
బాకీ మాటెత్తని షావుకారి లెక్క
నెత్తుట్ల కూసున్నది,
మిరుగం చినుకుకు,
గుంతలల్ల లేచే రెక్కల చప్పుడుకు
చెవి ఒగ్గి.

తెల్లారి గోళీలు పట్టుకొని పోతే
చెంచుపెంటల బయ్యన్న లేడు.
"తేనెకు లోపలికి పోయిండు," అన్నది ఈదమ్మ,
"మూడొద్దులైతది."

మొదటి చినుకులకు
కాగితం పొట్లం
చేతిలనే మెత్తబడ్డది.