సున్నా కొస

టేపులో సున్నా ఉండే కొస నాది.
అంకెలు పెరిగే కొస వహాబ్ సారుది.
తొమ్మిది నెలలుగా ఇంతే.
నేను గోడకు ఆనించి పట్టుకుంటాను,
ఆయన ఆ చివర వంగి చదువుతాడు,
విని రాసుకుంటాను.
పదకొండున్నర. పదమూడూ పావు.
సున్నా ఎంతని ఎవరూ అడగరు.
అది జారితే మాత్రం
ఇల్లంతా తప్పు.

రాయదుర్గంలో ఆ వీధికి ఏదో పెద్ద పేరుంది గానీ
అందరూ ప్యాంట్ల సందు అంటారు.
గడప గడపకూ కుట్టుమిషన్,
అరుగుల మీద నడుముదాకా మాత్రమే ఉన్న మనుషుల్లా
మడతపెట్టిన జీన్సు.
కాలవలో మురికి కూడా నీలంగా పారుతుంది.

కుళ్ళాయమ్మది మా సంచీలో నలభై మూడో ఫైలు.
సర్కారు పూచీ పడే అప్పు,
వడ్డీలో కొంత సర్కారే మోసే అప్పు.
మిద్దె మీద ఇంకో గది వేసి
రెండు మిషన్లు పైకెక్కిస్తే
కింద కాళ్ళు చాపుకోవచ్చు.
అంతే ఆమె లెక్క.

ఆ రోజు సారుకు మోకాలు.
సందు మొగలో స్కూటర్ దిగకుండానే
"నువ్వు పోయి చూసిరామ్మా,
నీ కండ్లు నా కండ్లే" అన్నాడు.
ఫారం చివర అచ్చయిన వాక్యం ఒకటుంది:
ఆస్తిని నేను స్వయంగా చూశాను.
దాని కింద సంతకానికి గీత.
నా పేరుకు ఆ కాగితంలో
ఏ గడీ లేదు.

"సారు రాల్యా?" అంది కుళ్ళాయమ్మ.
వస్తాడన్నాను. అప్పటికి అది అబద్ధం.
కొస పట్టేవాళ్ళు లేరని
మిషన్ పాదం ఎత్తి, సున్నాను దానికింద పెట్టి
మళ్ళీ దించింది ఆమె.
మొట్టమొదటిసారి
అంకెలుండే వైపు నడిచాను.

తొమ్మిదడుగుల ఎనిమిదంగుళాలు.
కిటికీ ఒకటి. బండల కప్పు.
కరెంటు మీటరు ఎప్పుడో పోయిన మామ పేరు మీద.
తూర్పు గోడకు నా ఎత్తు ప్యాంట్ల కట్టలు.
"ఆ పక్క ఏమీ ల్యాదు లేమ్మా" అంది,
నేనడగకముందే.
అప్పుడు చూశాను ఆమెను.
తర్వాత కట్టల్ని. తర్వాత
వాటి వెనక నుంచి పైకి పాకిన పగులును.
మూడడుగులు.
రూపాయి బిళ్ళ అంచు పడుతుంది అందులో.

ఫోన్ చేతిలోనే ఉంది.
ఫోటో తీస్తే ఆమె గది పోతుంది.
తీయకపోతే...
నా డిప్లొమా అక్కడికే ఆగిపోయింది.
ఆమె గ్లాసులో మజ్జిగ పోసిచ్చింది,
ఉప్పు ఎక్కువైందేమోనంది.
తాగితే లంచమేమో అనిపించి
చేత్తో పట్టుకునే నిలబడ్డాను.

తిరిగి సందు మొగకొచ్చి
"సార్, మీరు రావాల" అన్నాను.
"మోకాలమ్మా."
"నలభై ఆరడుగులే సార్. కొలిచినా."
ఆయన చూపులో కోపం కొంత, ఇంకేదో కొంత.
స్కూటర్‌కు స్టాండు వేశాడు.

వచ్చి, కట్టలు తీయించి,
తాళంచెవితో గోడను తట్టాడు
పైన, కింద, మళ్ళీ పైన,
కర్బూజా బేరమాడేవాడిలా చెవి ఒగ్గి.
గోరుతో గీకితే పూత పెళ్ళలుగా రాలింది.
లోపల రాయి రాయిగానే ఉంది.
"ఎండకు పూత పగిలింది, అంతే.
పునాది కుంగితే పగులు మెట్లుమెట్లుగా దిగుతుంది.
గుర్తు పెట్టుకో."
కుళ్ళాయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని
మిషన్ ముందు కూర్చుంది.

నేనొక్కదాన్నే రాసుంటే
కాగితం మీద ఆ గోడను కూల్చేసేదాన్ని.
ఆయన స్కూటర్ మీదనే సంతకం పెట్టి ఉంటే
ఏమయ్యేదో
దారిలో ఇద్దరమూ మాట్లాడలేదు.

సాయంత్రం రిమార్కుల గడిలో
పెన్నుతో ఇరికించి రాశాడు:
కొలతలు తీసినది ట్రైనీ, బి. పంపవతి.
దీర్ఘం ఎగిరిపోయింది.
ఆయన చూస్తుండగానే
పెన్ను తీసుకుని వేసుకున్నాను.

కుళ్ళాయమ్మకు అప్పు వచ్చిందో లేదో
బ్యాంకు మాకు చెప్పదు.
ఇవాళ గుమ్మఘట్టలో ఇంకో ఇల్లు.
టేపు విప్పితే సున్నా దగ్గర
నీలం పోగు ఒకటి ఇంకా అంటుకునే ఉంది.
సారు ఆ కొస తానే అందుకుని
మోకాలు పట్టుకుని గోడ దగ్గర కూర్చుని
"చదువు" అన్నాడు.